వానకు ముందే విప్పిన సంచి

"సంచులు ఇప్పినవా?" అన్నాడు.

"ఇప్పలే," అన్నాను.

"మంచిది. వాన పడ్డంక నేనే కొత్త పెడ్త. అప్పుడు ఇప్పుదాం."

మా ఇంటాయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. పొద్దున్నే. ఆయన వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. నేను బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఊపిరి లేదు. బిందె నేనే దించుకుని, ముఖం మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే నలుగురినీ పిలిచాను.

నేను ఆయనకు చెప్పింది అబద్ధం. అప్పటికే మూడు సంచులు విప్పాను. ఆరు రోజులుగా ఎద్దుకు పెడుతున్నాను. ఇప్పలే అన్నప్పుడు నా చేతులు రెండూ కొంగులో దాచుకుని నిలబడ్డాను. చేతులకు ఆ గడ్డి వాసన ఉంది మరి. ముప్పై ఏళ్ళు దాటి కాపురం చేసిన మనిషితో చిట్టచివర ఆడిన మాట అబద్ధమైపోయింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మిగతాదంతా ఇది ఎట్లా జరిగిందో తెలియడానికి.

రాస్తున్నది నా ఆడబిడ్డ కూతురు, ఆయనకు మేనకోడలు. బచేలిలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పుతుంది. నాకు సంతకం గీయడం వచ్చు, బస్సు మీద కొంటా అని ఊరి పేరు రాసి ఉంటే పోల్చుకోగలను. అంతకు మించి రాదు. అందుకని నేను చెప్తున్నాను, తను రాస్తోంది.

ఆ సంచుల్లో ఉన్నది వరిగడ్డి. ఉత్త వరిగడ్డి కాదు, బూజు పట్టించిన గడ్డి.

మా దగ్గర గొడ్లకు ఎండాకాలం గండం. కోతలయ్యాక గడ్డిని మంచె మీదికి ఎక్కించి పెడతాం, మేకలకు అందకుండా. చలి ఉన్నన్నాళ్ళు గొడ్లు చేల వెంట, అడవి వెంట తిరిగి ఏదో ఒకటి కొరుక్కుంటాయి. ఎండలు ముదిరాక మంచె మీది గడ్డే దిక్కు. ఆ గడ్డి ఎంత మేసినా ఒంటికి పట్టదు. కడుపు నిండుతుంది, డొక్కలు మాత్రం లోపలికే పోతాయి. అందులోనూ మా ఎర్రెద్దుకు పళ్ళు అరిగిపోయాయి. నమిలి నమిలి సగం కింద రాలుస్తుంది.

ఆ ఎద్దంటే ఆయనకు ప్రాణం. శబరి ఏటి అవతలి సంతలో కొని తోలుకొస్తున్నాడు. ఎండాకాలం, నడుము లోతు నీళ్ళు. నడి ఏట్లోకి వచ్చాక ఎద్దు ఆగిపోయిందట. లాగినా రాదు, తోలినా కదలదు. ఇంకొకరైతే కొట్టేవాళ్ళు. ఈయన దాని పక్కనే నీళ్ళలో నిలబడి చుట్ట వెలిగించాడట. చుట్ట అయిపోయింది, ఎద్దు నడిచింది. ఇంటికి వచ్చి నాతో, "దానికి ఏదో ఆలోచన వచ్చింది, అయిపోయేదాక ఆగిన," అన్నాడు. అట్లాంటి మనిషి.

పోయిన చలికాలం మా ఆడవాళ్ళ పొదుపు సమూహానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. జగదల్‌పూర్ వైపు మనిషి. ఆమె హిందీలో చెబుతుంటే మా సమూహం పెద్దామె మా మాటలోకి తిప్పి చెప్పింది. తడిపిన గడ్డిలో ఒక మంచి రకం బూజు పెంచాలట. పుట్టగొడుగు ఆ బూజు నుంచే పుడుతుందట. ఆ బూజు గడ్డిలోకి ఒక రసం వదులుతుంది. గడ్డిలో కట్టెలాగా గట్టిగా ఉండేదాన్ని ఆ రసం కరిగిస్తుంది. ఎద్దు కడుపు చెయ్యలేని పని బూజు ముందే చేసి పెడుతుందన్నమాట. పళ్ళు రాని పిల్లకు తల్లి నమిలి పెట్టినట్టు అని పెద్దామె చెప్పింది.

వెనక కూర్చున్న ముసలామె ఒకతె అడిగింది, "మా ముసలోనికి గూడ నమిలిపెట్టే బూజు ఉంటే చూడు డాక్టరమ్మా. నా దవడలు పోయినయి వాని తిండితోని."

అందరం నవ్వాం. డాక్టరమ్మకు తిప్పి చెబితే ఆమె కూడా నవ్వి, "అమ్మా, అది మాత్రం నా డిపార్ట్‌మెంట్ కాదు," అంది.

నవ్వు సంగతి పక్కన పెడితే, నాకు లోపల బెదురుగానే ఉంది. బూజు పట్టిన గడ్డి అంటే మాకు చావు కిందే లెక్క. వానకు మంచె కారి గడ్డికి నల్లబూజు పడితే అది మేసిన ఆవు కడుపు ఉబ్బి పడిపోయింది నా కళ్ళ ముందే. అదే అడిగాను. డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచి రెండు సంచులు వాసన చూడమంది. ఒకటి పుల్లగా, కుళ్ళు వాసన. లోపల పచ్చగా, నల్లగా మరకలు. రెండోది తెల్లగా దూదిలా అల్లుకుని ఉంది. వాన పడ్డ మర్నాడు అడవిలో ఆకులు తిరగేస్తే వచ్చే వాసన. "తెల్లగా ఉండి ఈ వాసన వస్తేనే పెట్టు. రంగు మారితే దూరంగా పారెయ్యి. మొదట గుప్పెడే, మామూలు గడ్డిలో కలిపి," అంది.

అట్లా మా ఇంట్లో మొదటి విడత సంచులు కట్టాం. గడ్డి జానెడు ముక్కలు కొట్టాం. ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు మరిగే నీళ్ళు పోసి, పట్టా మీద పరిచాం. పిడికిలిలో పిండితే నీళ్ళు కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. అప్పుడు ఒక వరస గడ్డి, ఒక వరస డాక్టరమ్మ ఇచ్చిన బూజు పట్టించిన జొన్నగింజలు, మళ్ళీ గడ్డి. మూతి కట్టి, సంచికి చిన్న చిన్న చిల్లులు పెట్టి, మేకల కొట్టంలో ఒక పక్కన వేలాడదీయడమే. ఆయన కూడా పని చేశాడు. గడ్డి అంతా ఆయనే కొట్టాడు. నాకన్నా శుభ్రంగా కొట్టాడు.

ఇరవై రోజులు దాటాక సంచులు తెల్లబడ్డాయి. విప్పుదామని వెళ్తే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్త పెట్టకుండ ఎట్ల ఇప్పుతవు?"

కొత్త పెట్టడమంటే తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. మా వైపు ఆ ఏడాదికి మొదటిసారి ఇంట్లోకి వచ్చిన కాయ గానీ, గింజ గానీ, ముందు పెద్దలకు పెట్టాలి. పెద్దలంటే చనిపోయిన మా ఇంటివాళ్ళు. టేకాకులో పెట్టి, పిలిచి, వాళ్ళు తిన్నాకే మనం నోట్లో పెట్టుకోవాలి. మామిడికి ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త. వాన పడి అడవిలో పుట్టగొడుగులు లేచాక వాటికీ ఒక కొత్త. ఊరంతా ఒకే రోజు పెడుతుంది.

"ఇది గడ్డి. గడ్డికి కొత్త ఏంది?" అన్నాను.

"గడ్డి గాదు. పుట్టకొక్కులు పుట్టే గడ్డి. పుట్టకొక్కుల కొత్త కాకముందే ఇంట్ల ఎవరూ తినొద్దు."

"మనం తింటున్నమా? ఎద్దు తింటది."

"ఎద్దు ఇంట్లది గాదా?"

ఎద్దు ఇంట్లదే.

పుట్టగొడుగుల కొత్త అంటే వానలు పడాలి. అప్పటికి ఇంకా చలి పూర్తిగా పోలేదు. సంచి మాత్రం ఆగదు కదా. చిల్లుల్లోంచి పుట్టగొడుగులు గొడుగులు విప్పుకుని బయటికి వచ్చాయి. ఆయన ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు. అవి సంచుల మీదే ఎండి రాలిపోయాయి. తర్వాత పురుగు పట్టింది, లోపలి గడ్డి నల్లబడి నీరు కారింది. అన్నీ ఎరువు కుప్పలో పోశాం. సమూహంలో మిగతా వాళ్ళందరూ వాళ్ళ గొడ్లకు పెట్టుకున్నారు. బోరింగు దగ్గర నన్ను చూస్తే ఆడవాళ్ళకు ఒకటే నవ్వు.

"మీ సంచులకు ముహూర్తం దొరికిందా అక్కా?"

"దొరికింది. ఎరువు కుప్పల పెండ్లి చేసినం," అన్నాను. ఇంకేం అంటాను.

డాక్టరమ్మ ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆయనతో నేరుగా మాట్లాడింది. ఆమెకు మా తెలుగు కొంచెం కొంచెం వస్తుంది, హిందీ కలిపి లాగిస్తుంది. "భయ్యా, జానవర్‌కి ఏం తెలుసు కొత్త, పాత? దానికి భూఖ్ ఉంది. ఖిలాదో." ఆకలితో ఉన్న గొడ్డుకు పెట్టెయ్యమని.

ఆయన నెమ్మదిగా, "దానికి తెల్వదు డాక్టరమ్మా. నాకు తెల్సు," అన్నాడు.

నాకు ఆ రోజు కోపం వచ్చింది గానీ మిగతా వాళ్ళలా నవ్వలేదు. ఆయన భయం ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన చిన్నప్పుడు ఒక ఏడాది పంటలు పోయి ఇంట్లో గింజ లేదు. ఆయన తల్లి చిక్కుడు కొత్త కాకముందే లేత కాయలు నాలుగు తెంపి పిల్లలకు ఉడకబెట్టి పెట్టింది. ఆ నెలలోనే అందరిలోకీ చిన్నది, ఆయన చెల్లెలు, జ్వరంతో పోయింది. ఊరు ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం బతికినన్నాళ్ళు తనే చంపానని అనుకుంది. నేను కోడలిగా వచ్చాక కూడా చిక్కుడు పాదు దగ్గరికి వెళ్ళేది కాదు, కాయలు నన్నే తెమ్మనేది. ఆయన ఆ ముఖాన్ని చూస్తూ పెరిగాడు. చదువుకున్న వాళ్ళు జ్వరం వేరు, చిక్కుడు వేరు అంటారు. నేనూ అంటాను. ఆయనతో మాత్రం ఎన్నడూ అనలేకపోయాను.

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. కళ్ళు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది. మేనకోడలు బచేలికి తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్పించింది. బాగానే చూశారు. లోపల లివర్ పాడైపోయింది, ఇక ఎక్కువ రోజులు లేవని తనతో చెప్పారు, తను నాతో చెప్పింది. ఆయనతో ఎవరం చెప్పలేదు. ఆయన మాత్రం ఇంటికి పోదాం అని ఒకటే పట్టు. తీసుకొచ్చాం.

ఇప్పపువ్వు ఏరడం అయిపోయి ఎండలు ముదిరిన రోజుల్లో నేను రెండో విడత కట్టాను, తొమ్మిది సంచులు. ఎండకు తట్టుకునే రకం బూజు ఇచ్చారు. కొట్టం గోడలకు తడి గోనెలు వేలాడదీసి, రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లాను. ఆయన మంచం మీద నుంచి చూశాడు. "కట్టుకో. కానీ వాన పడి కొత్త పెట్టకుండ ఇప్పొద్దు," అన్నాడు. "సరే," అన్నాను. అప్పుడు ఆ సరే నిజమే.

సంచులు తెల్లబడ్డ వారంలోనే ఎర్రెద్దు పడింది. పొద్దున చూస్తే కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది, లేపితే లేవలేదు. మా మరిది, ఇంకో ముగ్గురు కలిసి దాని కడుపు కింద గోనెలు దూర్చి, అటూ ఇటూ వెదురు బొంగులు పెట్టి లేపారు. నిలబడింది. ముందుకాళ్ళు వణికాయి, మళ్ళీ కూలబడింది. మరిది నన్ను పక్కకు పిలిచి, "వదినా, ఇట్ల పడ్డది రెండు మూడు రోజులు లేవకపోతే ఇగ లేవది," అన్నాడు.

మంచం మీద నుంచి ఆయన అడుగుతూనే ఉన్నాడు. "లేచిందా?"

"లేచింది. మేస్తంది," అన్నాను. అది మొదటి అబద్ధం.

ఆయనకు ఆ వారం ఏదీ వద్దు. జావ వద్దు, మందు వద్దు. ఎద్దు గంట వినబడితే మాత్రం ఇటు తిరిగేవాడు. పడుకున్న ఎద్దు గంట మోగదు. ఆయనకు వినబడాలని ఆ రోజు సాయంత్రం నేను కొట్టం పక్కన నిలబడి దాని మెడ పట్టుకుని ఊపాను. ఊపుతూ ఊపుతూ అనుకున్నాను, ఇట్లా ఎన్నాళ్ళు ఊపుతానని. ఆ పక్కనే తొమ్మిది సంచులు వేలాడుతున్నాయి. ఎద్దు వాటివైపే ముట్టె ఎత్తి ఉంది.

ఒకటి దించి మూతి విప్పాను. డాక్టరమ్మ చూపించిన వాసనే. లోపలి గడ్డి పట్టుకుంటే పుటుక్కున తెగుతోంది, వేళ్ళ మధ్య మెత్తగా నలుగుతోంది. ఒక మూల కొంచెం పచ్చగా ఉంటే అంత మేర తీసి అవతల పారేశాను. గుప్పెడు తీసి మామూలు గడ్డిలో కలిపి ముందు పెట్టాను. ఎద్దు మామూలు గడ్డిని పెదవితో పక్కకు తోసి ఇదే ఏరుకుంది. కింద రాల్చలేదు. నా చెయ్యి కూడా నాకింది.

నేను ఆకులో ఏమీ పెట్టలేదు. పెద్దలను పిలవలేదు. పిలవాలని కూడా గుర్తు రాలేదని చెబితే బాగుంటుంది గానీ, గుర్తుంది. వానకు ముందు కొత్త పెట్టే హక్కు నాకు లేదు, పెట్టినా తప్పే. అందుకని తెలిసే పెట్టకుండా ఊరుకున్నాను.

మర్నాడు రెండు గుప్పెళ్ళు, మూడో రోజు నుంచి గంపెడేసి. నూకల జావ కూడా పోశాను, తవుడు కలిపాను, పక్క మార్చి ఒళ్ళు రుద్దాను. నాలుగో రోజు మనుషులు బొంగులు పెట్టబోతుంటే తనే వెనకకాళ్ళు లేపింది. గడ్డి ఒక్కటే లేపిందని నేను ఒట్టు వెయ్యను. డాక్టరమ్మ కూడా అట్లా అనలేదు, అన్నీ కలిస్తేనే అంది. కానీ అది ఇష్టంగా తిన్నది ఆ గడ్డే. ఆ రోజు గంట దానంతట అదే మోగింది. వసారాలో ఆయన ఇటు తిరిగాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. ఎద్దు నిలబడింది, నేను సంచి విప్పాను, నన్ను తిట్టుకో అని. చెప్పలేకపోయాను. చెబితే, తనకు వచ్చిన ఈ జబ్బు ఇంటికి పట్టిన శాపం అనుకుంటాడని ఒక భయం. ఇంకో భయం ఉంది, అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పోతే నేనూ అత్తమ్మలాగే అవుతానేమోనని. గడ్డి పెట్టి మొగుణ్ణి చంపుకున్నానని చచ్చేదాకా అనుకుంటానేమోనని. లివర్ ముందే పోయిందని బచేలి డాక్టర్లు చెప్పింది నాకు తెలుసు. తెలిసినా పొద్దున లేవగానే మొదట వచ్చే ఆలోచన అదే.

రెండు రోజుల తర్వాత ఆయన సంచుల సంగతి అడిగాడు. నేను ఇప్పలే అన్నాను. నీళ్ళకు వెళ్ళాను.

దినాలు అయ్యేలోగా మిగతా ఆరు సంచులూ ఎద్దుకే పెట్టాను. ఆ తర్వాత మా మరిది కొట్టంలోకి వెళ్ళి వచ్చాడు. ఇప్పుడు ఇంటికి పెద్ద తనే, కొత్త పెట్టాల్సింది తనే.

"వదినా, సంచులేవి?"

"ఎద్దు కడుపుల ఉన్నయి."

తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "అన్నకు తెల్సా?"

"తెల్వదు. ఇప్పలేదని చెప్పిన."

"ఎద్దు మాత్రం నిలబడ్డది," అన్నాడు. తనలో తను అనుకున్నట్టు. మళ్ళీ నా వైపు తిరిగి, "పుట్టకొక్కుల కొత్త నాడు అన్నను గూడ పిలుస్త గదా. పెద్దలల్ల కలిసిండు ఇప్పుడు. పిలుపు నేను పిలుస్త. ఈ మాట మాత్రం నేను జెప్ప. నువ్వే జెప్పుకో."

"కోపం చేస్తడా?"

"నాకెట్ల తెల్సు వదినా. నువ్వు కాపురం చేసినవు, నేను గాదు."

వానలు వచ్చాయి. ఎర్రెద్దును పూర్తి రోజు నాగలికి కట్టడం లేదు. పొద్దున కాసేపు దున్నించి విప్పేస్తున్నాం. మెల్లగా నడుస్తుంది, నాగటి చాలు చివర ఆగుతుంది. మరిది కొట్టడు, ఆగుతాడు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు వచ్చి నా దగ్గర సంచులు కట్టడం నేర్చుకున్నారు. వాళ్ళలో ఒకడు కొత్త సంగతి ఎట్లా అని అడిగాడు. నాకు తెలియదు, మీ ఇంటి పెద్దను అడగండి అన్నాను. నేను చేసింది ఇంకొకరికి దారి అని చెప్పే ధైర్యం నాకు లేదు.

నిన్న అడవిలో పుట్టగొడుగులు లేచాయి. రేపు ఊరంతా కొత్త పెడుతోంది. మేనకోడలు అందుకే బచేలి నుంచి వచ్చింది. ఇందాక రాస్తూ రాస్తూ ఆపి నాతో అంది, "అత్తా, మామకు ఎప్పుడో తెలిసి ఉంటది. ఎద్దు ఉత్తగనే లేస్తదా?"

"నువ్వు రాయి," అన్నాను. "తెల్సిందని అనుకుంటే నాకు హాయి. అందుకే అనుకోను."

రేపు టేకాకు ముందు కూర్చుంటే నా మాట తడబడుతుంది. ముందుది వెనక, వెనకది ముందు చెప్తాను. ఏడుపు వస్తే అసలే చెప్పను, లేచి వచ్చేస్తాను. ఎద్దు లేచిన సంగతి పెద్దగా చెప్పి, నేను ఆడిన అబద్ధాన్ని చిన్నగా గొణిగి ఊరుకుంటానని కూడా భయం. అందుకే ఇట్లా వరసగా రాయించాను, ఒకసారి నా చెవిన పడితే రేపు దారి తప్పను.

ఇంక చాలమ్మా, కలం పక్కన పెట్టు. మొదటి నుంచి చదువు, మెల్లగా. నా తప్పును నేను ఎక్కడైనా తక్కువ చేసుకున్నట్టు వినిపిస్తే అక్కడ ఆగి నాకు చెప్పు.